మా మేస్త్రి మూసిన ఆఖరు బోరు

నా ఉద్యోగమంతా సిమెంటు ముక్కలు పగలగొట్టడంలోనే గడిచింది. ఒకరు చేసిన పని ఎంత గట్టిదో తెలియాలంటే దాన్ని విరిచి చూడాలి. ఆ విరిచే పని నాది. మా ఆయన చుట్టాలు వచ్చినప్పుడల్లా ఈ సంగతి ఎత్తి అందరినీ నవ్వించేవాడు. "మా ఇంటామె ఆఫీసుల పగలగొడ్తది, ఇంట్ల గూడ పగలగొడ్తది. జీతం మాత్రం ఒక్కకాడనే ఇస్తున్నరు" అనేవాడు. నవ్వితే నవ్వారు గానీ, ఆ జీతంతోనే చిల్కానగర్‌లో రెండు గదులు లేచాయని ఆయన ఏనాడూ చెప్పలేదు.

కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు అడుగుతారు, ఆంటీ మీ సర్వీసులో మరిచిపోలేని సంగతి ఏదైనా చెప్పండి అని. ఏదో గొప్ప కథ చెబుతానని ఎదురుచూస్తారు. నాకు మాత్రం ప్రతిసారీ మా మేస్త్రే గుర్తుకొస్తాడు. గుర్తొస్తే ముందు నవ్వు వస్తుంది, ఆ తర్వాతే మాట వస్తుంది. కాబట్టి నవ్వుకుంటూనే చెబుతాను.

మా కంపెనీ నాచారం పారిశ్రామికవాడలో ఉండేది. ఒక పెద్ద ఆవరణ, రెండు రేకుల షెడ్లు, ఒక మూల నా ల్యాబు. ల్యాబంటే ఏసీ గది అనుకునేరు. ఒక నీళ్ళ తొట్టి, ఒక బల్ల, సిమెంటు ముక్కలను నొక్కి విరిచే ప్రెస్సు మిషను, నేను. మా వాళ్ళు గోదావరి ఒడ్డు జిల్లాల్లో బొగ్గు కోసం బోర్లు వేసేవారు. నాచారంలో బొగ్గెక్కడిదని అడగకండి. ఇక్కడ ఉన్నవి ఇనుప సామాను, జీతాల కాగితాలు, వానాకాలంలో ఇంటికి వచ్చే బోరు మిషన్లు, అంటే రిగ్గులు మాత్రమే.

భూమిలో బొగ్గు ఎంత లోతులో ఉందో తెలియాలంటే సన్నటి బోరు వేసి, లోపలి రాయిని కడ్డీల్లాగా బయటికి తీసి చూస్తారు. చూశాక ఆ బోరును అలాగే వదిలేస్తే పశువులు కాళ్ళు విరగ్గొట్టుకుంటాయి. అంతకంటే పెద్ద ముప్పు ఇంకొకటుంది. ఎప్పుడో ఒకప్పుడు అక్కడ కింద గని తవ్వుతారు. పైన అందరూ మరిచిపోయిన బోరులోంచి నీళ్ళు దిగితే నేరుగా గనిలో పనిచేసే వాళ్ళ మీదే పడతాయి. అందుకని పని అయిపోగానే బోరును అడుగు నుంచి పైదాకా సిమెంటు పాలతో నింపాలి. బోరు పక్కన తవ్విన బురద గుంటలు పూడ్చి, తీసిపెట్టిన పైమట్టిని మళ్ళీ పరిచి, నాగలి సాఫీగా సాగేటట్టు చేసి చేను రైతుకు అప్పజెప్పాలి. పెళ్ళయ్యాక పందిరి విప్పడం లాంటి పని ఇది. పందిరి వేయడానికి పదిమంది వస్తారు, విప్పడానికి ఎవరూ కనిపించరు.

మా కంపెనీలోనూ అంతే. బోరు వేసేవాళ్ళు దొరల్లాగా తిరిగేవారు. బోరు మూసేవాళ్ళంటే ఎవరికీ లెక్క లేదు. ఆ మూసే ముఠాకు పెద్ద మా మేస్త్రి. జనగామ వైపు మనిషి. అంతకుముందు నారపల్లి దగ్గర కొత్త వెంచర్లలో ఇళ్ళు కట్టేవాడు. మీసానికి రంగు వేసేవాడు, తలకు వేసేవాడు కాదు. అడిగితే "తల తువ్వాల కింద ఉంటది గదక్కా, మీసం ఎవడు కప్పుతడు" అనేవాడు. వాళ్ళ ఇల్లు మా ఇంటికి రెండు గల్లీల అవతలే. నన్ను అక్కా అనేవాడు. అతని భార్య నన్ను వదినా అనేది.

అతనికి తన పని మీద ఉన్న గర్వం చూస్తే నాకు ముచ్చటేసేది. బోరు మూసిన ప్రతిసారీ అదే సిమెంటు పాలను ఇనుప అచ్చుల్లో పోసి, తడి గోనెలో చుట్టి లారీలో నాకు పంపించేవాడు. గట్టిపడ్డాక నేను వాటిని విరిచి ఎంత బరువు మోశాయో చూసేదాన్ని. అతను నాచారంలో ఉన్న రోజైతే వచ్చి నా మిషను పక్కనే నిలబడేవాడు.

"అక్కా, జర మెల్లగ వత్తు."

"మెల్లగ వత్తితె పగులుతదా?"

"పగలకుంటె ఏమైతది? ఉండనియ్యి పాపం, మంచిగున్నది గద."

అతని ముక్కలు పగలడానికి నిజంగానే మొరాయించేవి. బరువు చూపించే మిషను ముల్లు పైకి పోతుంటే మీసం మెలేసేవాడు. పగిలిన పెంకులు ఏరుకుని, లోపల రంగు ఎలా ఉందో వెలుగుకు పట్టి చూసుకునేవాడు.

మా మేనేజరుగారిది గుంటూరు వైపు. అప్పటికి రాష్ట్రం ఇంకా ఒకటే. విడిపోవాలా వద్దా అని క్యాంటీన్‌లో పొద్దస్తమానం వాదనలు నడిచేవి. ఆయనా మేస్త్రీ ఎదురెదురు బెంచీల్లో కూర్చుని గట్టిగా అరుచుకుని, మధ్యాహ్నం ఆయన ఇంటి గోంగూర పచ్చడిని ఇద్దరూ పంచుకుని తినేవారు. చెడ్డమనిషి కాదు. కాకపోతే భయస్తుడు. భయస్తుడైన మంచివాడు ఒక్కోసారి చెడ్డవాడి కంటే ఎక్కువ తిప్పలు పెడతాడు.

ఆ ఏడు మేనేజరుగారు మేస్త్రి ముఠాకు ఒక మాట ఇచ్చారు. సీజను మొత్తంలో మూసిన బోర్లన్నీ పరీక్షలో నెగ్గితే మేస్త్రితో కలిపి ఐదుగురినీ పర్మనెంటు చేస్తామన్నారు. రోజు కూలీగా తిరిగిన మనుషులకు అది ఎంత పెద్ద మాటో వేరే చెప్పాలా? మేస్త్రి భార్య హబ్సిగూడలో ఒక బడిలో ఆయా. ఆమె ఆ సంగతిని నల్లా దగ్గర బిందెల లైనులో అందరికీ చెప్పేసింది. అక్కడ చెప్పిన మాట చిల్కానగర్ మొత్తానికి చెప్పినట్టే.

సీజనంతా ముక్కలన్నీ నెగ్గాయి. మిగిలింది ఆఖరు బోరు. అన్నిటికంటే లోతు బోరు అది, లోపల నీళ్ళు ఎగదన్నుతున్నాయని కబురు వచ్చింది. దాన్ని మూసి ముఠా సామాను సర్దుకుంటుండగానే ఆ బోరు అచ్చులు లారీలో నా దగ్గరికి వచ్చాయి.

గోనె విప్పి, మొదటి అచ్చు మరలు తిప్పి పలకలు ఊడదీశాను. ముక్క నిలబడలేదు. బల్ల మీద మెల్లగా కూలబడింది. వేలు పెడితే వేలు దిగింది. రెండో అచ్చూ అంతే. సరే, నీళ్ళు ఎక్కువయ్యాయేమో అని మిగిలిన అచ్చుల్ని ముట్టుకోకుండా రెండు రోజులు ఆగాను. మూడో రోజు తెరిచాను. పాలకోవా నయం.

మేనేజరుగారు వచ్చి చూసి బల్ల పట్టుకుని నిలబడిపోయారు. తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి మాట, "అమ్ముకున్నాడు."

"ఏం సార్?"

"సిమెంటు అమ్ముకున్నాడమ్మా. అమ్ముకుని బూడిద కలిపాడు. ఇంతకుముందు ఇంకో కాంట్రాక్టరు దగ్గర ఇలాగే జరిగింది, నా కళ్ళతో చూశాను."

"మేస్త్రి అట్లాంటోడు గాదు సార్."

"అయితే ఇదేంటి?" అని ఆయన బల్ల మీది ముద్దను చూపించారు.

మేస్త్రి వరంగల్ బస్సులో వచ్చి ఉప్పల్‌లో దిగేలోపలే దొంగ అన్న మాట చిల్కానగర్ చేరిపోయింది. ఎవరు మోశారో నాకు ఇప్పటికీ తెలియదు. అతను ఇంటికి కూడా పోకుండా, సంచి భుజాన వేసుకుని నేరుగా ఆఫీసుకు వచ్చాడు. నేను గుమ్మం దగ్గరే ఉన్నాను.

"ఎన్ని బస్తాలు అమ్ముకున్నావయ్యా?" అన్నారు మేనేజరుగారు.

మేస్త్రి సంచి కింద పెట్టాడు. ఏమైంది, ముక్కలు ఎందుకు గట్టిపడలేదు అని అడిగి ఉంటే వంద మాటలు చెప్పి ఉండేవాడు. ఆయన అది అడగలేదు. "నేను దొంగను గాను సార్" అని ఒక్క మాట అని, సంచి సర్దుకుని వెళ్ళిపోయాడు. మీసం కూడా దువ్వుకోలేదు.

ఆ సాయంత్రం మేనేజరుగారు నా ల్యాబుకు వచ్చి తలుపు దగ్గరగా వేశారు. సోమవారం మాకు పని ఇచ్చే బొగ్గు సంస్థ తరఫున జియాలజిస్టు వస్తున్నాడు. ఆఖరు బోరు ముక్కలు చూసి సంతకం పెడితేనే మా బిల్లు, వచ్చే ఏటి పని.

"అమ్మా, పాత బోరు ముక్కలు మిగిలాయిగా. వాటి మీద ఆఖరు బోరు నంబరు వేసి పెట్టండి. మేస్త్రి ఒక్కడినీ పంపించేద్దాం. మిగతా నలుగురినీ పర్మనెంటు చేస్తాను, నా మాట నిలబెట్టుకుంటాను."

"వేస్తె నా చెయ్యి పడిపోతది సార్."

"నలుగురి కూడు చూడండమ్మా."

"ఆ బోరు కింద దిగేటోళ్ళు ఎంతమందో సార్? వాళ్ళ కూడు ఎవరు సూడాలె?"

ఆయన తలుపు తీసి, ఆలోచించుకోండి అని వెళ్ళిపోయారు. నాకు కోపం వస్తే ఇంట్లో గిన్నెలు గట్టిగా తోమడం అలవాటు. ఆ రాత్రి తోమినవే మళ్ళీ తోమాను. మా ఆయన అన్నం తిని చప్పుడు చేయకుండా పడుకున్నాడు.

ఆదివారం పొద్దున మేస్త్రి ఇంటికి వెళ్ళాను. అతని భార్య గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. నన్ను చూసి లేవలేదు.

"ఏం వదినా, దొంగ ఎట్లుంటడో సూడనీకె నువ్వు గూడ వచ్చినవా?"

"ఛాయ్ తాగనీకె వచ్చిన. పోస్తె పొయ్యి, లేకుంటె పోత."

చాట పక్కన పెట్టి లోపలికి పోయింది. మేస్త్రి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పలకరిస్తే పలకలేదు. ఆమె పొయ్యి దగ్గర నుంచి, "రెండు దినాల సంది నల్లకాడికి పోతలేను. పక్కింటామె బిందెల నీళ్ళు అడుక్కొచ్చుకుంటున్న. చక్కెర గూడ తెచ్చుకోలే, బెల్లం ఛాయ్ తాగుతవా?" అంది.

"ఏదైనా తాగుత."

ఛాయ్ తీసుకుంటూ చూశాను. పొయ్యి పక్కన సంచిలో బెల్లం ముద్దలు. ఒకటీ రెండూ కాదు, సగం సంచి.

"గింత బెల్లం ఏం జేస్తవే? పెండ్లి ఉన్నదా?"

"గీయననే తెచ్చిండు. ఆఖరు బోరు మంచిగ గావాలెనని సమ్మక్క తల్లికి బంగారం మొక్కిండట. సగం ఆడ సమర్పించి, సగం ఇంటికి తెచ్చిండు."

మా వైపు సమ్మక్కకు పెట్టే బెల్లాన్ని బంగారం అంటారు. మొక్కు ఉన్నవాళ్ళు తమ ఎత్తు తూచి పెడతారు. అందులో వింతేమీ లేదు. ఊరికే మాటకు మాటగా అడిగాను.

"ఆడంటె ఎక్కడ? సమ్మక్క గద్దెల కాడికి పోయిండా?"

"ఎక్కడి గద్దెలు వదినా. పని ఇడిచి పోతడా? బోరులనే పోసిండట."

నోటి దాకా వచ్చిన గ్లాసును కింద పెట్టాను. మంచం దగ్గరికి వెళ్ళి అతని భుజం పట్టి కుదిపాను.

"మేస్త్రీ, ఇటు తిరుగు. బోరుల బెల్లం పోసినవా?"

"పోసిన" అన్నాడు గోడకే. "నా పైసలతోటి కొన్న బెల్లం. గది గూడ దొంగతనమేనా?"

"ఉట్టిగ ఏసినవా, సిమెంటుల కలిపినవా?"

పని మాట వచ్చేసరికి మనిషి ఆగలేకపోయాడు. లేచి కూర్చున్నాడు. "డ్రమ్ముల కరగవెట్టి, గా నీళ్ళతోటే సిమెంటు కలిపిన. ఉట్టిగ ఏస్తె ఏం ఫాయిదా? గది మస్తు లోతు బోరక్కా, నీళ్ళు ఎగదన్నుతున్నయ్. అన్నిట్లకన్న గట్టిగుండాలెనని జేసిన. తల్లికి మొక్కు తీరుతది, బోరుకు బలమొస్తది. మా తాత దొర గడీ గోడలకు సున్నంల బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపి గచ్చు జేసిండు. ఇయ్యాల్టికి గా గోడకు మొల దిగది."

"గా నీళ్ళతోటే అచ్చులు పోసినవా?"

"మరి? నీ ముంగట మీసం మెలెయ్యాలె గద."

నేను నవ్వడం మొదలుపెట్టాను. ఆపుకుందామని చూశాను, ఆగలేదు. కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వాను. మేస్త్రి భార్య నడుము మీద చెయ్యి వేసుకుని వచ్చి నా ఎదురుగా నిలబడింది.

"మా ఇంటికొచ్చి, మా ఛాయ్ తాగి, మా మొగన్ని సూసి నవ్వుతవా వదినా? సిగ్గున్నదా?"

"కూసోవే, చెప్త. సున్నానికి బెల్లం బలం. గది నిజమే, మీ తాత చేసింది కరెక్టే. గని సిమెంటుకు బెల్లం పడనే పడది. చెంచెడు ఏసినా గట్టిపడుడు ఆగుతది. మాకు ట్రైనింగుల మొట్టమొదలు చెప్పిన మాటనే ఇది, ల్యాబుల ఛాయ్ తాగితె చక్కెర ఒలకవోసుకోకున్రి అని. నీ మొగడు సగం సంచి బెల్లం ఏసిండు."

వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"అంటె తప్పు నాదే" అన్నాడు మేస్త్రి.

"తప్పు నీదే. దొంగతనం నీది గాదు."

అతని భార్య ఆ మాటను కాసేపు అటూ ఇటూ తిప్పి చూసుకుంది. "అంటె వదినా, గీయనకు తెలివి తక్కువ, గంతే గద?"

"గంతే."

"అమ్మయ్య" అని ఆమె చాట దగ్గరికి పోయి కూర్చుంది. "గది నాకు పెండ్లైనకానుంచి ఎరుకే."

మేస్త్రి కూడా నవ్వాడు. రెండు రోజుల తర్వాత నవ్వుతున్నాడేమో, దగ్గు వచ్చింది. దగ్గుతూ దగ్గుతూ ఉన్నట్టుండి ఆగిపోయాడు.

"మరి గా బోరక్కా?"

"గా బోరు మూసుకోలే."

"కింద మనుషులు దిగుతరు గద."

అప్పుడు మేనేజరుగారు నాతో అన్నదంతా చెప్పాను. ఊరుకుంటే నలుగురికి పర్మనెంటు, అతనికి దొంగ పేరు. నోరు విప్పితే ఐదుగురి పర్మనెంటూ పోవచ్చు, అసలు కంపెనీకి వచ్చే ఏటి పనే పోవచ్చు. అతను తల పట్టుకున్నాడు. నేను ఏమీ చెప్పలేదు. ఇలాంటి చోట సలహా చెప్పడం తేలిక, ఉద్యోగం పోయేది మనది కాదు కాబట్టి.

తీర్పు బియ్యం ఏరుతున్నామె దగ్గర నుంచి వచ్చింది. "నల్లకాడ పర్మనెంటని చెప్పింది నేను. కాలేదని గూడ నేనే చెప్పుకుంట. నువ్వు పొయ్యి ఉన్నదున్నట్టు చెప్పు. నలుగురిని గూడ ఎంబడి తీస్కపో, వాళ్ళను అడగకుంట చెప్పకు."

సోమవారం జియాలజిస్టు వచ్చాడు. పెద్దమనిషి, మాటకంటే ముందు కళ్ళజోడు తుడుచుకునే రకం. మేనేజరుగారు టీ, బిస్కెట్లు, సమోసాలు అన్నీ తెప్పించారు. నా బల్ల మాత్రం ఖాళీగా ఉంది. నంబరు మార్చిన ముక్కలు అక్కడ లేవని చూసి ఆయన నావైపు ఒక చూపు చూశారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. గేటులోంచి ఐదుగురు నడిచి వస్తున్నారు. అందరూ ఉతికిన చొక్కాలు వేసుకున్నారు. ముందు మేస్త్రి, తువ్వాలలో ఏదో మూట కట్టుకుని ఉన్నాడు. మీసం దువ్వి ఉంది. అది చూసి నాకు ధైర్యం వచ్చింది.

"సార్" అన్నాడు మేస్త్రి, జియాలజిస్టుకు దండం పెట్టి. "ఆఖరు బోరు మూసుకోలే. నేనే చెడగొట్టిన." మూట విప్పి బెల్లం ముద్ద బల్ల మీద పెట్టాడు. "గిది పోసిన. గట్టిగైతదని పోసిన. నాతోటోళ్ళు వద్దన్నరు, నేనే ఇనలే. శిక్ష ఏదున్నా నాకే ఎయ్యున్రి."

వెనకాల నలుగురిలో ఒకడు మెల్లగా, "మేము వద్దనలే సార్, మేము గూడ కలిపినం" అన్నాడు. మేస్త్రి వాడి కాలు తొక్కాడు.

మేనేజరుగారి మొహంలో నెత్తుటి చుక్క లేదు. జియాలజిస్టు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, బెల్లం చిన్న ముక్క విరిచి నోట్లో వేసుకున్నాడు.

"బెల్లం మంచిదే" అన్నాడు. "సిమెంటు పట్టదని పుస్తకంలో చదివాను గానీ, చేసినవాణ్ణి ఇప్పుడే చూడటం. నిజమో కాదో ఎలా తెలుస్తుంది? బూడిద కలిపి బెల్లం పేరు చెప్పొచ్చుగా?"

"నేను సూపిస్త సార్" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

గోడౌనులోంచి కొత్త బస్తా తెప్పించాను. అందరి ముందూ రెండు బక్కెట్లలో సిమెంటు పాలు కలిపాను. ఒకదాంట్లో మంచినీళ్ళు, ఇంకోదాంట్లో మేస్త్రి బెల్లం కరిగించిన నీళ్ళు. రెండు అచ్చులు పోసి, మూతలు వేసి, జియాలజిస్టు చేతే గుడ్డ చుట్టించి సీలు వేయించాను. ఆయన రాత్రికి ఊరెళ్ళాల్సిన మనిషి, ప్రయాణం మానుకుని ఉప్పల్‌లోనే ఎవరో బంధువుల ఇంట్లో ఉండిపోయాడు.

మర్నాడు పొద్దున ఆవరణలో ఉన్నవాళ్ళంతా నా ల్యాబు కిటికీల దగ్గరే ఉన్నారు. వెల్డరు, డ్రైవర్లు, క్యాంటీన్ వంటామె కూడా గరిటెతో సహా వచ్చింది. జియాలజిస్టు సీలు విప్పాడు. మంచినీళ్ళ అచ్చు తెరిస్తే ముక్క ఠీవిగా నిలబడింది. గోటితో కొడితే టక్కుమంది. రెండోది తెరిచాను. అది నాకు తెలిసిన పద్ధతిలోనే మెల్లగా కూలబడింది.

"సార్, మీరు నొక్కి సూడున్రి" అన్నాను మేనేజరుగారితో. ఆయన బొటనవేలు పెట్టి నొక్కారు. వేలు మొదటి కణుపు దాకా దిగింది. ఆయన వేలు బయటికి తీసి దాన్నే చూస్తూ ఉండిపోయారు. క్యాంటీన్ వంటామె కిసుక్కుమంది. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. జియాలజిస్టు కూడా కళ్ళజోడు తీసి మరీ నవ్వాడు.

నవ్వు అయ్యాక ఆయన మేస్త్రిని పిలిచాడు. "సగం సగం గట్టిపడి ఉంటే మీరు చచ్చేవాళ్ళు. ఆ బోరు మళ్ళీ మొదటి నుంచీ వేయాల్సి వచ్చేది. మెత్తగా ఉంది కాబట్టి రాడ్లు దించి నీళ్ళు కొడితే కొట్టుకుపోతుంది. వానలు పడేలోపల కడిగి, మళ్ళీ మూసి, ముక్కలు పంపండి. అవి నెగ్గితే సంతకం పెడతాను. చెప్పకుండా ఉంటే మాత్రం ఎప్పటికీ పెట్టేవాణ్ణి కాదు." మేనేజరుగారు అప్పుడు ఊపిరి పీల్చుకున్నారు, చాలాసేపటి తర్వాత మొదటిసారి.

ఐదుగురూ ఆ రాత్రి బస్సుకే వెళ్ళారు. మూడో రోజు మధ్యాహ్నం ల్యాబు ఫోను మోగింది. అవతల పంపు మోత, ఆ మోత మీద మేస్త్రి అరుపు.

"అక్కా, కడుగుతున్నం. బోరుల నుంచి తియ్యటి నీళ్ళొస్తున్నయ్. గుంట సుట్టు చీమలే చీమలు. ఊరోళ్ళంత సూడనీకె వచ్చిన్రు."

"తేట నీళ్ళు వచ్చేదాక కడుగు. నాలుక మీద ఏసుకుని సూడు, తీపి తగల్తె మళ్ళ కడుగు."

"నాలుగు దఫాలు సూసిన. ఇప్పుడు తీపి పోయింది, బోరు ఊట ఉప్పే తగులుతున్నది."

"గట్లైతె పొయ్యి సిమెంటు."

"అక్కా, ఈసారి ఉత్త సిమెంటే. తల్లికి బంగారం ఇంటికాడ పెట్టుకుంట."

ఆ అచ్చులు లారీలో వచ్చిన రోజు నేను ఎవరికీ చెప్పకుండా ఒకటి విప్పి చూసుకున్నాను. ముక్క బల్ల మీద చతికిలబడలేదు, నిలబడింది. దాన్ని చేతిలోకి తీసుకుని ముద్దు పెట్టుకున్నాను, ఇందులో దాపరికం ఏముంది. గడువు దాకా నీళ్ళ తొట్టిలో ఉంచి, జియాలజిస్టు వచ్చిన రోజున మిషనులో పెట్టాను. మేస్త్రి నా పక్కన నిలబడ్డాడు. ఎప్పటిలా మెల్లగ వత్తు అనలేదు. చేతులు వెనక్కు కట్టుకుని ముల్లునే చూస్తున్నాడు. ముల్లు కావాల్సిన గీత దాటింది. ఇంకా పోయింది. ఇంకా పోతూనే ఉంది. చివరికి ముక్క పగిలినప్పుడు వచ్చిన చప్పుడుకు కిటికీ మీది పావురాలు లేచిపోయాయి. జియాలజిస్టు జేబులోంచి పెన్ను తీశాడు.

మేస్త్రి పగిలిన పెంకులను ముట్టుకోలేదు. బయటికి వెళ్ళి, నీళ్ళ తొట్టి గట్టు మీద కూర్చుని తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నలుగురూ అతని చుట్టూ కూర్చున్నారు. కాసేపు ఎవరూ వాళ్ళ జోలికి పోలేదు.

పర్మనెంటు కాగితాలు ఆ వారమే వచ్చాయి, ఐదుగురికీ. అందరూ మేనేజరుగారు ఏదో అంటారని చూశారు. ఆయన క్షమించమని అనే మనిషి కాదు. వాళ్ళ ఇంట్లో అలవాటు లేదేమో మరి. కాగితాలు పంచి, గొంతు సవరించుకుని, మళ్ళీ ఆపి, సొరుగు తెరిచి ఒక తాళం చెవుల గుత్తి తీశారు. సిమెంటు గోడౌనుది. అంతవరకూ ఆయన తప్ప ఇంకెవరూ దాన్ని పట్టుకోగా నేను చూడలేదు.

"మేస్త్రీ, ఇవి ఇకనుంచి నీ దగ్గరుంటాయి" అన్నారు. "బస్తాలు నువ్వే దింపించుకో, నువ్వే ఇవ్వు. లారీ గేటు దగ్గరుంది, వెళ్ళు."

మేస్త్రి గుత్తిని అరచేతిలో పెట్టుకుని చూశాడు. తల ఊపి బయటికి నడిచాడు. గోడౌను వైపు కాదు, గేటు వైపు. లారీని దాటాడు, వాచ్‌మన్‌ను దాటాడు, రోడ్డు మీద ఆటో ఆపి ఎక్కి వెళ్ళిపోయాడు.

మేము వరండాలోకి వచ్చి చూస్తున్నాం. లారీ నిండా సిమెంటు. హమాలీలు బీడీలు ముట్టించుకుని నీడన కూర్చున్నారు. డ్రైవరు హారన్ కొట్టాడు. మబ్బు పట్టింది. వాన పడితే బస్తాలన్నీ రాళ్ళవుతాయి, అందరికీ తెలుసు. ఇంకో రోజైతే మేనేజరుగారి అరుపులకు ఉప్పల్ చౌరస్తా అదిరేది. ఆ రోజు ఆయన వరండాలో అటూ ఇటూ తిరిగి, రెండుసార్లు ఆకాశం చూసి, "ఆ లారీ మీద పట్టా కప్పండయ్యా" అని మాత్రం అన్నారు.

నాలుగు చినుకులు రాలాక ఆటో తిరిగి వచ్చింది. ముందు మేస్త్రి దిగాడు. వెనక అతని భార్య, పట్టుచీరలో, తలలో పూలతో. ఆమె వెనక, దొంగ అన్న మాట విన్న నల్లా లైనులోని ఇద్దరు ఆడవాళ్ళు. ఆమె ఎవరినీ పలకరించలేదు, నన్ను కూడా. వాళ్ళిద్దరినీ వెంటబెట్టుకుని ఆవరణ మధ్య నుంచి నేరుగా గోడౌను దగ్గరికి నడిచింది. మేస్త్రి గుత్తిలోంచి చెవి ఏరి ఆమె చేతికి ఇచ్చాడు.

తాళం ఆమే తీసింది. తుప్పు పట్టిన తలుపు కదలకపోతే, మేనేజరుగారు వానలో దిగి వెళ్ళి భుజం పెట్టి నెట్టారు.